ప్రతికృతియు దేవతయు: వడ్డాది పాపయ్యగారి చిత్రకళ

పాణినిమహర్షి యష్టాధ్యాయి పంచమాధ్యాయ తృతీయపాదమునఁ బ్రతికృతులను గూర్చి కొన్ని సూత్రములు రచించి యున్నాఁడు. ఒకదానిని బోలిన బొమ్మ యను నర్థమున దాని పేరిపైఁ 'గన్' ప్రత్యయము వచ్చును. అశ్వమును బోలిన బొమ్మ అశ్వకము. అయితే జీవికకొఱకై యేర్పడినదయ్యు నమ్మకమునకుఁ బెట్టఁబడని ప్రతికృతియం దా ప్రత్యయము లోపించును. దేవలకుఁడు తాను గొలుచుచు, ఆ కొలువువలననే బ్రదుకుచుండు శివప్రతిమ 'శివుఁ'డే యగును. అంగడిలో వెలకుఁ బెట్టిన ప్రతిమ 'శివక' మగును. అనఁగా వెల కట్టినంతనే ప్రత్యయము వచ్చి చేరును; దేవత తొలఁగి బొమ్మ మిగులును. చూచుటకుఁ జిన్న శబ్దవిధియే యైనను దీనియందుఁ గళావిమర్శనమునకు మూలమైన యొకప్రశ్న యిమిడి యున్నది. వెలకు వచ్చిన రూపమునఁ బారమార్థికత నిలుచునా, నిలువదా?

ఉత్తరాంధ్రమునఁ బుట్టి, యాంధ్రదేశమంతట నింటింటఁ దన బొమ్మలను నిలిపిన వడ్డాది పాపయ్యగారి చిత్రకళను దూఁచునపు డీప్రశ్నయే ముందుగా నెదురగును. ఆయన దేవతాచిత్రములలోఁ బెక్కులు దేవాలయకుడ్యములపై వ్రాయఁబడినవి గావు. రాజాస్థానములఁ దగిలింపఁబడినవియుఁ గావు. మాసపత్రికల యట్టలపై నచ్చుపడి, నెలనెలయుఁ గొలఁది వెలకు నంగళ్ళలో దొరకినవి. ఇందువలన వానిని గూర్చి రెండు తెఱఁగుల మాటలు వినవచ్చుచున్నవి. బాల్యమున వానిని జూచి పెరిగినవారు కొలఁదిమీఱి కొనియాడుదురు. చిత్రశాస్త్రపరిచయము గలవారు కొందఱు పత్రికల బొమ్మలని తేలికగాఁ ద్రోసిపుచ్చుదురు. మొదటిది మమకారము, రెండవది యుపేక్ష. రెండును విమర్శనములు గావు.

పాపయ్యగారు 1921వ సంవత్సరము సెప్టెంబరు 10వ తేదీన శ్రీకాకుళమున జన్మించిరి. తండ్రి రామమూర్తిగారు చిత్రలేఖన మెఱిఁగినవారు. కుమారునకుఁ దొలిగురువు నాయనయే. ఇంటఁగల రవివర్మ కోదండరామపటమును జూచి యైదేండ్ల ప్రాయముననే యాంజనేయుని బొమ్మను గీసిరని చెప్పుదురు. ఈ వృత్తాంతమునం దొక విశేషము గమనింపఁదగి యున్నది. బాలుఁడు రామపటమును జూచి రాముని గీయలేదు. రాముని జూచుచుండువానిని గీసెను. చూడఁబడిన రూపముకంటెఁ జూచువాని భక్తియే యాతనిఁ దొలుత నాకర్షించినదని తోఁచును. ఆయన కళాజీవితమునకంతకు నిది బీజప్రాయముగాఁ గన్పట్టుచున్నది.

ఆయన పుట్టిన సీమయుఁ దక్కువది గాదు. పట్టణమున కానుకొనియే యరసవల్లిలో సూర్యనారాయణమూర్తి కొలువై యున్నాఁడు. శ్రీకూర్మమునఁ బ్రదక్షిణమార్గపు గోడలపైఁ బూర్వులు వ్రాసిన వర్ణచిత్రములు కలవు. శ్రీముఖలింగమున మధుకేశ్వరుని యాలయము శిల్పసమృద్ధమై నేఁటికిని నిలిచి యున్నది. సాలిహుండమున బౌద్ధస్తూపావశేషములు కానవచ్చుచున్నవి. ఇట్టి దేశమునఁ బుట్టినవానికి దేవతారూపము పుస్తకముననే కాక గోడపైనను రాతియందును గనులయెదుటనే యుండును. వీనిలో దేనినుండి యాయన యేమి గ్రహించెనో యొక్కొకదానికి ముడిపెట్టి చెప్పుట సాహస మగును. కాని చిత్రమనఁగాఁ గథను జెప్పునదియు, కొలువఁదగినదియు ననెడి భావ మాసీమలోఁ గ్రొత్తది గాదని మాత్రము చెప్పవచ్చును.

తొలిచిత్రములు ఆంధ్రపత్రిక, భారతి మొదలగు పత్రికలయందు వెలువడినవి. పిమ్మటఁ జక్రపాణిగారి పిలుపున నాయన చందమామ యాస్థానచిత్రకారులలో నొకరైరి. నాగిరెడ్డిచక్రపాణులు 1947 జూలైలోఁ దెలుఁగునను దమిళమునను నారంభించిన యీ మాసపత్రిక క్రమముగా ననేకభారతీయభాషలలోనికి వ్యాపించినది. అంతకుముందు మహాభారతకథను ముఖచిత్రములుగా వ్రాసిన యెం. టి. వి. ఆచార్యగారి తరువాత నట్టపైఁ బౌరాణికఘట్టములను నిలుపు భారము ప్రధానముగాఁ బాపయ్యగారిపైఁ బడెను. లోపలిపుటలలో శంకరుగారును జిత్రాగారును రేఖాప్రధానముగాఁ గథను నడిపిరి. పాపయ్యగారు వర్ణప్రధానముగా ఘట్టమును నిలిపిరి. చక్రపాణిగారి 'యువ' పత్రికకుఁగూడ నాయన నాయికలను, ఋతువులను, పండుగలను, రాగములను జిత్రించిరి. తుదిదశలోఁ గశింకోటలో నొంటరితనము నింపుగాఁ గొని యుండి, 1992 డిసెంబరు 30వ తేదీన గతించిరి.

ఈ చిత్రములు చేరిన తావులను గుర్తింపవలయును. దామెర్ల రామారావుగారి చిత్రములఁ జూడవలె నన్న రాజమహేంద్రవరమునకుఁ బోవలయును. రవివర్మ మూలచిత్రములఁ జూడవలె నన్నఁ దిరువనంతపురమో మైసూరో చేరవలయును. పాపయ్యగారి చిత్రమో, రాజామువంటి వ్యాపారపు టూరిలోని దుకాణమునకుఁ దానే నడచివచ్చెను. తాండ్ర పాపారాయని పేర వీరగాథలయందు నిలిచిన యారాజామున, 1757వ సంవత్సరపు బొబ్బిలియుద్ధవృత్తాంతమును జనులు బుర్రకథకుని నోటనే వినిరి. వీరుని మొగమును దమతమ మనస్సులలోఁ దామే కల్పించుకొనిరి. పోలిపల్లి పైడితల్లి యుత్సవమున నమ్మవారిని ఘటమునందుఁ జూచి మ్రొక్కిరి. ఇట్టి యూరి పిల్లవానికిఁ బార్వతీపరమేశ్వరుల మొగములు, భీష్మద్రోణుల గడ్డములు, ఐరావతపు దంతములు వన్నెలతోఁ దొలుతఁ గన్పట్టినది చాలచోట్ల నీయట్టలమీఁదనే. కాఁబట్టి పాపయ్యగారి గుణదోషములు ఆయనవి మాత్రమే గావు. ఒక తరమువారి ధ్యానమునకుఁ గలిగిన గుణదోషములు గూడ నగును. అందుచే వానిని నిర్మొగమాటముగాఁ బరీక్షింపవలసి యున్నది.

కామసూత్రవ్యాఖ్యాతయగు యశోధరుఁడు చిత్రమునకు నాఱంగములను బేర్కొనెను. అవి రూపభేదము, ప్రమాణము, భావము, లావణ్యయోజనము, సాదృశ్యము, వర్ణికాభంగము అనునవి. వీనిలోఁ గడపటి దగు వర్ణికాభంగమునఁ బాపయ్యగారిని మించినవారు తెలుఁగుపత్రికాచిత్రకారులలో నరుదు. ఒకవన్నె మఱియొకవన్నెలోనికిఁ గరఁగిపోవునట్లు, ఎక్కడ నీలము ముగిసి యెక్కడఁ బసపు మొదలిడెనో తెలియనీయక వ్రాయుట యాయన సొత్తు. ఈ ప్రజ్ఞకు ముద్రణయంత్ర మనుకూలము గాదని తెలిసినపుడే దీనివిలువ స్పష్టమగును. నాలుగువన్నెల యచ్చులో మూలచిత్రము పసపు, ఎఱుపు, నీలము, నలుపు అను నాలుగుఫలకములుగా విడఁగొట్టఁబడి, యతిసూక్ష్మబిందువులుగా మాఱి, మరలఁ గాగితముపై నొకటిగాఁ గూడవలసి యుండును. ఒక్కఫలక మావగింజంత జరిగినను మొగము చెదరును. మృదువైన ఛాయలు మొదట నశించును. ఇది యెఱిఁగియే కాఁబోలు, ఆయన మొగములయందును జేతులయందును ఛాయలను గాఢముగా నిలిపి, సూక్ష్మమైన వన్నెలకలయికను నేపథ్యమునకు విడిచిరి. ఆకాశము కొంచెము చెదరినను రాముఁడు చెదరఁడు. వర్ణప్రయోగ మిచట శాస్త్రముతోఁబాటు ముద్రణోపాయమునుగూడఁ దెలిసినదై యున్నది.

లావణ్యయోజనమునందును నాయనకుఁ గొదువలేదు. కొదువయున్నది రూపభేదమునందు. ఇదియే యాయనపై మోపఁదగిన ముఖ్యమైన యాక్షేపము. పార్వతి, సీత, ద్రౌపది, వసంతలక్ష్మి, ఒకరాగిణి, ఒకపల్లెపడుచు: వీరందఱకును జాలచోట్ల నొకటే ముఖము. విల్లువంటి కనుబొమలు, చెవులదాఁక సాగిన కన్నులు, నిండైన పెదవులు. ఆభరణములను మార్చిన నొకరు వేఱొకరగుదు రేమో యనిపించును. దీనిని శైలి యని సమర్థించుట సులభమే. కాని విష్ణుధర్మోత్తరములోని చిత్రసూత్రము కన్నుల విషయమున నిశితమైన వివేచన చేసియున్నది. యోగదృష్టి గలవారికి ధనురాకారమైన కన్నును, స్త్రీలకును గాముకులకును జేఁపకడుపువంటి కన్నును, నిర్వికారునకుఁ గలువఱేకువంటి కన్నును, భయపడినవానికి నేడ్చువానికిఁ దామరఱేకువంటి కన్నును విధించినది. ఈ విభాగమును బట్టి చూడఁగాఁ బాపయ్యగారు స్త్రీదేవతలకుఁగూడఁ దఱచుగా రెండవతెగ కన్నునే యుంచిరి. తపస్సుననున్న యుమకును, శివుని వరించివచ్చిన యుమకును దృష్టి యొకటే యైనచోఁ జిత్రము కథను జెప్పునే కాని తపస్సును జెప్పఁజాలదు. అలంకారశాస్త్రరీతిఁ జెప్పవలసినచో, దేవతావిషయకమైన రతి 'భావ' మనఁబడునే కాని శృంగారరసము గాదు. నాయికాచిత్రమునకు శృంగార మాత్మ. దేవతాచిత్రమునకు భక్తిభావ మాత్మ. రెండింటి కొకే కన్నును వ్రాసిన హద్దు చెరుగును.

అయినను నీ యాక్షేప మాయన చిత్రములన్నిటిని గప్పివేయఁజాలదు. ఏల యనఁగా, ముఖమున విడిచిన భేదము నాయన పెక్కుచోట్ల పరిసరమునఁ బూరించిరి. నాయిక నిలుచునది పూలతీఁగల నడుమ. ఆమెచుట్టు నున్న ప్రకృతి యామెను జూచుచుండును. దేవత నిలుచుచోటనో, చుట్టునున్నది దేవతనుండియే వెలువడినట్లు వెలుఁగు లోపలినుండి బయటికిఁ బ్రసరించును. కన్ను చెప్పవలసినదానిని గాంతి చెప్పును. ఇది లోపమున కుపశమనమే కాని పరిహారము గాదని యనవచ్చును. కాని చిత్రకారుఁడు భేదము నెఱుఁగఁడని మాత్ర మనుటకు వీలులేదు.

ఇఁక సాదృశ్యమును గూర్చి. ఇచ్చట రవివర్మతోడను దామెర్ల రామారావుగారితోడను బోల్చి చూచుట మేలు. రవివర్మ (1848-1906) తైలవర్ణములతోఁ బాశ్చాత్యరీతిని దేవతలకు మాంసలమైన శరీరమిచ్చెను. 1894లో ముద్రణాలయము స్థాపించి యా రూపములను నింటింటికిఁ జేర్చెను. ఆయన లక్ష్మి మన యెదుట నిలిచిన గృహిణివలె నుండును. దేవత మనుష్యలోకమునకు దిగివచ్చును. దామెర్ల రామారావుగారు (1897-1925) బొంబాయి కళాశాలలో నభ్యసించియు, అజంతారేఖను మనసున నిలిపి, 'సిద్ధార్థరాగోదయము', 'పుష్పాలంకారము' మొదలగు చిత్రములలో శరీరభారమును దగ్గించి రేఖకుఁ బ్రాణమిచ్చిరి. ఇరువదియెనిమిదవయేటఁ గాలధర్మము నందకుండినచో నా మార్గ మెంతదూరము సాగెడిదో! ఆయన చిత్రమున మనుష్యుఁడు నిశ్చలుఁడై దేవతాత్వమువైపుఁ జూచును. పాపయ్యగారు వీరిద్దఱి నడుమ నిలిచిరి. శరీరమునకు రవివర్మనాఁటి నిండుదన మున్నది. కాని బరువు లేదు. రేఖకు నజంతాలాలిత్య మున్నది. కాని మౌనము లేదు. ఆయన లోకము దేవలోకమును గాదు, మనుష్యలోకమును గాదు, కథాలోకము. పురాణము వినుచున్న బాలుని మనస్సులో దేవతలు సంచరించు లోక మది. అచట నాభరణము లధికములైనను నెవ్వరికిని బరువు గావు.

ఆధ్యాత్మికచిత్రకారుఁడని యాయనను బేర్కొనుటకుఁ బౌరాణికచిత్రములే యాధారమని పలువురు తలంతురు. వానికంటె బలమైన యాధారము వేఱొకటి కలదు. అది మాసములను, ఋతువులను, రాగములను మూర్తీకరించిన చిత్రములు. శివునకు శాస్త్రమున ధ్యానరూపము కలదు. అందుఁ జిత్రకారునకు దారి యేర్పడియే యున్నది. ఋతువునకుఁ గాలమే స్వరూపము, కాలమునకు రూపములేదు. రాగమునకు నాదమే స్వరూపము. నాదము కంటికిఁ గానరాదు. వీనికి రూపమిచ్చుట పూర్వపు రాగమాలాచిత్రకారులనాఁటినుండి వచ్చుచున్న సాధన. అమూర్తమును మూర్తముగాఁ జూచు నీదృష్టియే యుపాసకునిదియు. ఇట్టిచోట్లఁ బాపయ్యగారి చేయి పౌరాణికఘట్టములయందుకంటె స్వేచ్ఛగా నడచినది. రూపభేదలోపముగూడ నిచట దోషముగాఁ దోఁపదు. వసంతమును శరత్తును గాలపురుషుని రెండు మొగములే కాఁబట్టి వానికిఁ బోలిక యుండుట యుచితము.

భర్తృహరి వాక్యపదీయమున శబ్దతత్త్వమును వివరించుచుఁ జిత్రకారు నుపమానముగాఁ గొనెను. ఒక్కబుద్ధికి గోచరమైన యఖండమూర్తి వస్త్రముపైఁ గ్రమముగా భాగభాగములుగా వ్రాయఁబడి, పూర్తియైనపిదప మరల నఖండముగానే చూడఁబడునట్లు, శబ్దముఁగూడ బుద్ధియం దఖండమై, పలుకునపుడు క్రమముఁ బొంది, వినువానికి మరల నఖండమగు నని యాతని యాశయము. ముఖచిత్రమున కీ న్యాయము చక్కఁగా నన్వయించును. ఒకపర్వమున నెన్నియో పుటలు సాగిన వృత్తాంతమును జిత్రకారుఁ డొక్కక్షణముగాఁ బట్టవలయును. చదువను నేరని బాలుఁ డాయొక్కక్షణమునుండియే కథ నంతయుఁ దనలో విప్పుకొనవలయును. ఒకే యట్ట తెలుఁగునఁ జందమామపైనను, ఒరియాలో, తమిళమునఁ, గన్నడమున వెలువడిన సంచికలపైనను నుండెను. ఇచ్ఛాపురమున కీవలి తెలుఁగుబాలుఁడును, ఆవలి యొరియాబాలుఁడును నొకే గజేంద్రుని జూచి తమతమ భాషలలో నొకే కథను జెప్పుకొనఁగలిగిరి. భాషాంతరీకరణ మక్కఱలేని వాక్యమువంటి దా చిత్రము.

ఇట్టివాని రచనలకుఁ గలుగుచున్న గతిని దలంపక తప్పదు. మాసపత్రికల సంచికలను గలిపి కుట్టించునపుడు పైయట్టలను జించి పాఱవేయుట గ్రంథాలయములయందుఁ జాలకాలముగా నున్న వాడుక. కథలు నిలిచినవి, ముఖచిత్రములు చెత్తబుట్టకుఁ బోయినవి. ఎచట నట్టలు నిలిచెనో యచటఁగూడఁ గాగితము పసపువాఱి, వన్నెలు వెలిసి, ఎఱుపు మాసినది. పత్రికయే యిపుడు వెలువడుట లేదు. తాళపత్రమునందలి యొక్కొకపాఠభేదమునకై సంవత్సరములు వెచ్చించు పరిశోధకలోకము, నిన్నటివాఁడైన యీ చిత్రకారుని రచనలకు మాసమును సంవత్సరమును జూపు పట్టికను సిద్ధము చేయుట, నిలిచిన సంచికలను జెదలుపట్టకమునుపే ప్రతిబింబములు తీయించుట, మూలచిత్రములతో ముద్రితచిత్రములను సరిపోల్చుట మొదలగు పనులను దక్కువవిగాఁ జూడరాదు. ఏ చిత్ర మెప్పటిదో తెలియనిచోఁ జిత్రకారుని పరిణామమును గూర్చి చెప్పుమాట లన్నియు నూహలే యగును. తొలినాళ్ళ పత్రికాచిత్రములకును దుదినాళ్ళ చిత్రములకును నడుమ దేవతల కన్ను మాఱెనా, మాఱలేదా యను పైయాక్షేపముగూడ నట్టి పట్టికవలననే తేలవలసి యున్నది.

చిత్రములు పణ్యములుగా వచ్చినవను కారణమున నీ పనికి వెనుదీయువారికి మహాభాష్యకారుఁడే సమాధాన మొసంగి యున్నాఁడు. పైసూత్రమును విచారించుచుఁ బతంజలి యొకశంకను లేవఁదీసెను. ధనము గోరిన మౌర్యులు దేవతార్చలను జేయించిరి కదా. అవి విక్రయార్థములైనపుడు వానియెడఁ బ్రత్యయలోప మెట్లు? వానియెడ లోపము కలుగకపోవుఁ గాక, ఇపుడు పూజకై యున్న వానియందుఁ గలుగు నని యాయన పరిష్కారము. ఈ సమాధానమున సూక్ష్మమైన వివేక మున్నది. ప్రతిమ యేల పుట్టినదను ప్రశ్నతో విచారణ ముగియదు. అది యెట్లు నిలిచినదను ప్రశ్నకూడఁ గలదు. ధనాపేక్ష పుట్టించిన రూపమును భక్తి స్వీకరింపవచ్చును.

ఈ న్యాయమును బాపయ్యగారి చిత్రములకు నన్వయించినచో నిర్ణయము రెండుపాళ్ళుగా నుండును. అంగడిలో నుండఁగా నవి శివకములే. అచ్చువెల, అమ్మకము, నెల మాఱఁగానే పాతపడుట వాని ధర్మములు. ఏ యింట నాయట్ట చించి పాఱవేయఁబడక గోడ కంటింపఁబడెనో, ఏ బాలుఁడు పెద్దవాఁడై భాగవతము చదువుకొనునపుడు మనోనేత్రమున నారూపమునే చూచెనో, యచటఁ గన్‌ప్రత్యయము లోపించినది. లావణ్యమున మిన్నలై, రూపభేదమునఁ గొఱవడి, కాలనాదములవంటి యరూపవస్తువులకు రూపమిచ్చుటయందుఁ బరాకాష్ఠ నందిన చిత్రములివి. దోషములెన్నుటకుఁగాని గుణములు గొనియాడుటకుఁగాని చిత్రము లుండవలయును గదా! వానిని నిలుపుకొనుట విమర్శకుని ప్రథమకర్తవ్యము, గుణదోషనిర్ణయ మాతరువాతిది.